విఠల్‌వాడి గల్లీ నుంచి ఈడెన్ గార్డెన్స్ దాకా

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు ఇంతకుముందే వివరంగా చెప్పారు. దాని తరువాత క్రికెట్టు గురించి మాట్లాడమనడం, పెళ్ళి భోజనం అయ్యాక హరికథ చెప్పమన్నట్టుంది. అయినా ఒప్పుకున్నాను. కారణం, నేను చెప్పబోయే మనిషి మన పేటవాడు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, ఈ మూడు పేటల్లో నలభై ఏళ్ళకు పైగా కాపురం ఉంటున్నవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. నారాయణగూడ విఠల్‌వాడి సందుల్లో రబ్బరు బంతితో ఆడుకున్న పిల్లవాడొకడు ఇరవై ఒకటో ఏట ప్రపంచంలో అంతకుముందెవరూ చేయని పని ఒకటి చేశాడు. ఆయన మహమ్మద్ అజహరుద్దీన్.

సర్క్యులర్‌లో ఈ అంశం చూసి మన సభ్యులొకరు నాకు ఫోను చేశారు. "ఏమండీ, మాట్లాడటానికి ఇంకెవరూ దొరకలేదా? ఆయన పేరెత్తితే పిల్లలకు ఏం నేర్పినట్టు?" అన్నారు. వారు ముందు వరుసలోనే కూర్చున్నారు. పేరు చెప్పను. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఎగవేయను గాని, కథ ముందు నుంచీ చెప్పుకొస్తేనే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. కనుక కాస్త ఓపిక పట్టండి.

అజహర్ పుట్టింది 1963 ఫిబ్రవరి 8న, హైదరాబాదులోనే. తండ్రి అజీజుద్దీన్, తల్లి యూసుఫ్ సుల్తానా. కాని పెరిగిందంతా అమ్మమ్మగారింట్లో. తల్లి తండ్రి, అంటే తాతగారు, వజేహుద్దీన్. పసితనం నుంచీ మనవణ్ణి తన దగ్గరే ఉంచుకుని పెంచారు. ఇంట్లో నమాజు, చదువు, క్రమశిక్షణ. వాటికి లోటు రాకుండా ఉంటే ఆటకు అడ్డులేదు. నిజానికి అడ్డులేకపోవడమే కాదు, ఈ కుర్రవాడు భారతదేశానికి ఆడాలన్న కోరిక అందరికంటే ముందు పుట్టింది తాతగారికేనని అజహర్ స్వయంగా చాలాసార్లు చెప్పుకున్నారు. మేనమామల ప్రోత్సాహం కూడా ఉండేది.

ఇక్కడ మీరంతా తాతలు, అమ్మమ్మలు. ఉద్యోగాలు చేసేవాళ్ళు పొద్దున పోయి రాత్రి వస్తారు. మనవణ్ణి కోచింగుకు తీసుకుపోయేదీ, బస్సు కోసం నిలబడేదీ, కిట్ బ్యాగు భుజాన వేసుకునేదీ మనమే. మన కళ్ళముందున్న పిల్లవాడిలో ఏముందో తల్లిదండ్రుల కంటే ఒక్కోసారి మనకే ముందు తెలుస్తుంది. ఎందుకంటే మనకు తీరిక ఉంది, తొందర లేదు. వజేహుద్దీన్‌గారి సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు అదే తోస్తుంది.

అప్పటి విఠల్‌వాడి ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు ఇక్కడున్నారు. నారాయణగూడ చౌరస్తా నుంచి హిమాయత్‌నగర్ వైపు వెళ్ళే దారికి ఆనుకున్న బస్తీ. ఫ్లైఓవరు లేదు, మెట్రో లేదు. ఉమ్మడి ప్రహరీ గోడలు, పెంకుటిళ్ళు, వేపచెట్లు, సందు చివర చేతిపంపు. గల్లీలో ఆట అంటే దాని చట్టాలు దానికుంటాయి. గోడకు బొగ్గుతో మూడు గీతలు గీస్తే వికెట్లు. ఎదురింటి కిటికీకి తగిలితే అవుటు, డాబా మీద పడితే అవుటు, తిట్టే ముసలాయన వాకిట్లో పడితే బంతి పోయినట్టే. సందు పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది కనుక బ్యాటు బలంగా ఊపడానికి వీలుండదు. ఖాళీ ఎక్కడుందో చూసి బంతిని అటు తిప్పాలి, అంతే. అజహర్ మణికట్టు మహిమకు మూలం ఈ సందులేనని మా మిత్రులొకరు వాదించేవారు. అంత తేలిగ్గా తేల్చేస్తే ఆ సందులో ఆడిన మిగతా వందమందీ టెస్టులు ఎందుకాడలేదని నేను అడిగేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు, చాయి వచ్చేది.

నా మట్టుకు నేను ఇంకొక కారణం చెబుతాను. ఆ రోజుల్లో మన ఊళ్ళో స్కూలు పోటీలూ, లీగు మ్యాచ్‌లూ చాలావరకు మ్యాటింగ్ మీదే జరిగేవి. గట్టి నేల చదును చేసి దాని మీద పీచు చాప పరిచి, మేకులు కొట్టి లాగి కట్టేవారు. పచ్చికనేల పిచ్ మీద బంతి ఒకటి లేస్తుంది, ఒకటి జారుతుంది. చాప మీద అలా కాదు, లేచే ఎత్తు ఇంచుమించు ఒక్కటే. ఇంత ఎత్తుకు వస్తుందని బ్యాట్స్‌మన్‌కు నమ్మకం ఉంటే, ఆఫ్ స్టంప్ బయట పడిన బంతిని కూడా చివరి క్షణం దాకా రానిచ్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి మిడ్ వికెట్ వైపు పంపవచ్చు. పుస్తకం ప్రకారం అది తప్పు. నిటారు బ్యాటుతో ఆఫ్ వైపు ఆడవలసిన బంతి అది. కాని మన జయసింహ ఆడినా, అబ్బాస్ అలీ బేగ్ ఆడినా, హైదరాబాదు వాళ్ళ ఆటలో ఆ మణికట్టు సొగసు ఉంటూనే వచ్చింది. అజహర్ దగ్గరకు వచ్చేసరికి అది పరాకాష్ఠకు చేరింది. బరువు తక్కువ బ్యాటు వాడేవారు. బంతి కొట్టినట్టు కనబడదు, దారి మళ్ళించినట్టు కనబడుతుంది. చూస్తుండగానే బౌండరీ దాటేది.

అలా ఆడేవాడికి చిక్కులు కూడా ఉంటాయి. పక్కటెముకల ఎత్తుకు దూసుకొచ్చే షార్ట్ బంతికి అజహర్ ఇబ్బంది పడటం తరువాతి కాలంలో ప్రపంచమంతా చూసింది. దాన్ని దాచి లాభం లేదు.

చదువు గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూల్లో. ఆ బడికి క్రికెట్టులో పెద్ద పేరు. అజహర్ కంటే ముందు సయ్యద్ ఆబిద్ అలీ, తరువాత వెంకటపతి రాజు అక్కడి నుంచే వచ్చారు. బ్రదర్ జోసెఫ్ అనే గురువు అక్కడ పిల్లల్ని తీర్చిదిద్దిన తీరు గురించి ఆ బడి పూర్వ విద్యార్థులు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. ఆ తరువాత నిజాం కాలేజీలో బి.కాం. ఆ పైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం.

ఒక్కసారి మన ఊరి పటం గుర్తు తెచ్చుకోండి. విఠల్‌వాడిలో ఇల్లు. గన్‌ఫౌండ్రీలో బడి. బషీర్‌బాగ్ పక్కనే నిజాం కాలేజీ, దాని మైదానం. ఎదురుగా ఒకప్పటి ఫతే మైదాన్, 1967 నుంచి లాల్ బహదూర్ స్టేడియం. కోఠీ బ్యాంక్ స్ట్రీట్‌లో స్టేట్ బ్యాంకు పెద్దాఫీసు. ఇవన్నీ ఒక గీత గీస్తే సుమారు మూడు కిలోమీటర్ల లోపు సంగతి. సైకిలు ఉంటే చాలు, లేకపోయినా నడిచిపోవచ్చు. ఒక మధ్యతరగతి ఇంటి పిల్లవాడు కారు లేకుండా, హాస్టలు లేకుండా, ఊరు దాటకుండా టెస్టు క్రికెట్ గుమ్మం దాకా నడిచి వెళ్ళగలిగిన ఏర్పాటు అది. ఇవాళ పిల్లవాణ్ణి అకాడమీకి చేర్చాలంటే ఊరి చివరకు పోవాలి, ఫీజు కట్టాలి, ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చోవాలి. మా అశోక్‌నగర్ సందుల్లో ఇప్పుడు ఉన్నవన్నీ గ్రూప్స్ కోచింగ్ సెంటర్లూ, హాస్టళ్ళూ. అక్కడ చదువుకునే పిల్లలను నేను తప్పుపట్టడం లేదు, వాళ్ళు పడే కష్టం రోజూ చూస్తున్నాను. కాని బొగ్గుతో మూడు గీతలు గీయడానికి ఖాళీ గోడ మాత్రం దొరకదు.

బ్యాంకు ఉద్యోగం సంగతి మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కాలంలో స్టేట్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు, దక్షిణ మధ్య రైల్వే, ఇవన్నీ లీగులో జట్లు నడిపేవి. ఆటగాణ్ణి స్పోర్ట్స్ కోటాలో తీసుకునేవారు. సీటులో ఎంతసేపు కూర్చున్నాడన్నది కాదు, జీతం నెలనెలా వచ్చేది, మ్యాచ్‌లకు స్పెషల్ లీవు దొరికేది, రేపు కాలు విరిగితే ఇల్లు గడవదన్న భయం ఉండేది కాదు. అప్పట్లో రంజీ ఆడితే వచ్చే డబ్బుతో సంసారం నడిచేది కాదని మరచిపోవద్దు. కౌంటరు దగ్గర మన పక్క సీటు ఖాళీగా ఉంటే "వాడికేమయ్యా, ఆడుకుంటూ జీతం" అని మనలో కొందరు సణిగినవారే. ఆ సణుగుడు మధ్యనే కొన్ని టెస్టు సెంచరీలు తయారయ్యాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ కెనరాలో కలిశాయి. ఆ పేర్లతో పాటు ఆ జట్లూ పోయాయి. మన పెన్షన్ పేపర్ల మీద మాత్రం పాత పేర్లు ఇంకా మెదులుతుంటాయి.

ఇక అసలు కథకు వస్తాను.

అజహర్ హైదరాబాదుకు రంజీ ఆడటం మొదలుపెట్టింది 1981-82లో. దులీప్ ట్రోఫీలో సౌత్ జోన్ తరఫున 226 పరుగులు కొట్టాక దేశం తల తిప్పి చూసింది. చివరి దాకా ఫస్ట్ క్లాస్ క్రికెట్లో ఆయన అత్యధిక స్కోరు అదే. 1984లో కుర్రవాళ్ళ జట్టుతో జింబాబ్వే వెళ్ళి వచ్చారు. అదే సంవత్సరం నవంబరులో డేవిడ్ గవర్ నాయకత్వాన ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చినప్పుడు, అహ్మదాబాదులో అండర్-25 జట్టు తరఫున వాళ్ళ మీద 151 పరుగులు చేశారు.

ఆ 1984 ఎలాంటి సంవత్సరమో మీకు గుర్తు చేయాలా? ఆగస్టులో మన రాష్ట్రంలో రామారావుగారి ప్రభుత్వాన్ని పడగొట్టడం, నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ రావడం. మధ్యలో నగరంలో కర్ఫ్యూలు. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య. సరిగ్గా ఆ ఉదయానికే ఇంగ్లండు జట్టు ఢిల్లీలో దిగి ఉంది. నవంబరు చివర బొంబాయిలో మొదటి టెస్టు ముందు రోజున బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ హత్య. డిసెంబరు మొదట్లో భోపాల్. ఆ జట్టు తిరుగు టపాలో వెళ్ళిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఉండి ఆడారు. ఆ విషయంలో వాళ్ళను మెచ్చుకోవాలి.

మొదటి టెస్టు మనం గెలిచాం. ఢిల్లీలో రెండోది పోగొట్టుకున్నాం. అక్కడ నిలబడి ఆడవలసిన సమయంలో ఎడాపెడా బాది అవుటైనందుకు కపిల్‌దేవ్‌నీ, సందీప్ పాటిల్‌నీ జట్టులోంచి తీసేశారు. కపిల్‌ను తీసేస్తే దేశమంతా గగ్గోలు. ఆ గగ్గోలు మధ్య, పాటిల్ ఖాళీ చేసిన చోట్లోకి ఎవరో హైదరాబాదు కుర్రవాడు వస్తున్నాడన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు.

కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మూడో టెస్టు 1984 డిసెంబరు 31న మొదలైంది. ఎన్నికల్లో గెలిచిన రాజీవ్‌గాంధీ ప్రధానిగా మళ్ళీ ప్రమాణం చేసిందీ ఆ రోజే. అప్పటికి మన ఇళ్ళల్లో టీవీలు కొద్ది, ట్రాన్సిస్టర్లే ఎక్కువ. చిక్కడపల్లిలో పాన్ డబ్బా దగ్గరా, ఇరానీ హోటళ్ళ దగ్గరా గుంపులు కట్టి వినేవారం. స్కోరు అడిగే పద్ధతి కూడా మారిపోయింది ఆ రెండు రోజుల్లో. "ఇండియా ఎంత?" అని కాక, "మనోడు ఎంత?" అని అడిగేవారు. మనోడంటే ఎవరో ఎవరూ వివరం అడగలేదు.

నాలుగు వికెట్లు పోయాక రవిశాస్త్రితో కలిసి అయిదో వికెట్టుకు 214 పరుగులు. శాస్త్రి 111, అజహర్ 110. అది నెమ్మదిగా సాగిన ఆట. గవాస్కర్ ఇన్నింగ్స్ ముగించకుండా లాగుతున్నాడని జనం అరుస్తూ ఉంటే, ఇంగ్లండు స్పిన్నరు ఎడ్మండ్స్ మైదానంలోనే నిలబడి వార్తాపత్రిక చదివాడు. అంత విసుగ్గా జరిగిన మ్యాచ్‌లో కూడా ఆ కుర్రవాడి మణికట్టు మాత్రం అందరూ చూశారు. ఎడ్మండ్స్, పోకాక్ మంచి స్పిన్నర్లు, ఆఫ్ స్టంప్ మీద వేసే బంతి లెగ్ వైపు ఎలా పోతున్నదో వాళ్ళకు చాలాసేపు అంతుబట్టలేదు.

ఇంతటితో కథ అయిపోలేదు. ఆడిన తొలి టెస్టులో సెంచరీ కొట్టిన భారతీయుల్లో అజహర్ ఎనిమిదోవాడు. ఆ ముందటి ఏడుగురి సంగతి చూడండి. 1933లో బొంబాయిలో లాలా అమర్‌నాథ్. 1952లో ఇదే కలకత్తాలో దీపక్ శోధన్, ఆయన కొట్టిందీ సరిగ్గా 110. 1955లో కృపాల్ సింగ్, అది మన ఫతే మైదానంలోనే, న్యూజిలాండ్ మీద. 1959లో మాంచెస్టర్‌లో మన అబ్బాస్ అలీ బేగ్, అప్పుడు ఆయన ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. 1964లో హనుమంత్ సింగ్. ఈ అయిదుగురిలో ఒక్కరికీ మళ్ళీ టెస్టు సెంచరీ రాలేదు. శోధన్ అయితే ఆడినవే మూడు టెస్టులు. 1969లో విశ్వనాథ్ వచ్చి 137 కొట్టి, ఆ తరువాత ఇంకో పదమూడు సెంచరీలు చేసి ఆ శాపం తీర్చాడు. తీరిందనుకున్నాం. 1976లో సురీందర్ అమర్‌నాథ్ ఆక్లండ్‌లో 124 కొట్టాడు, ఆయనకూ రెండోది రాలేదు. అంటే ఏడుగురిలో ఒక్కడే దాటాడు. తొలి సెంచరీ చేసినవాడికి కలిసిరాదన్న మాట క్రికెట్ పిచ్చివాళ్ళ నోళ్ళలో బాగా నానింది. జనవరి మొదటి వారంలో మా ఆఫీసు క్యాంటీనులో కూడా అదే చర్చ. మనవాడు విశ్వనాథా, శోధనా అని.

పది రోజులకే జవాబు వచ్చింది. జనవరి 13న మద్రాసులో నాలుగో టెస్టు. అందులో ఇంగ్లండు మనను చిత్తు చేసింది. గాటింగ్ 207, ఫౌలర్ 201, నీల్ ఫోస్టర్‌కు 11 వికెట్లు. ఓడిన ఆ టెస్టులో అజహర్ మొదటి ఇన్నింగ్స్‌లో 48, రెండో ఇన్నింగ్స్‌లో 105. కలకత్తా సెంచరీ కంటే ఇది గొప్పదని నా అభిప్రాయం. అక్కడ ఆడిన మందకొడి పిచ్ వేరు, ఇక్కడ జట్టు కూలిపోతుండగా ఫోస్టర్‌ను ఎదుర్కోవడం వేరు. నాతో ఏకీభవించని వారు భోజనాల దగ్గర పట్టుకోవచ్చు.

జనవరి 31న కాన్పూరులో అయిదో టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 122. రెండో ఇన్నింగ్స్‌లో అవుట్ కాకుండా 54.

మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు. వంద సంవత్సరాలకు పైబడిన టెస్టు క్రికెట్టు చరిత్రలో బ్రాడ్‌మన్‌కు కాలేదు, హెడ్లీకి కాలేదు, గవాస్కర్‌కు కాలేదు. ఇరవై రెండో పుట్టినరోజు ఇంకా రానేలేదు ఆయనకు. అయిదు ఇన్నింగ్స్‌లో 439 పరుగులు, సగటు 109.75. ఆ రికార్డు ఈనాటికీ ఆయన ఒక్కడిదే. సిరీస్ మాత్రం మనం 2-1తో పోగొట్టుకున్నాం, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మనవడు దేశానికి ఆడాలని అందరికంటే ముందు కోరుకున్న వజేహుద్దీన్‌గారు ఇదేదీ చూడలేదు. మనవడు టెస్టు క్యాపు పెట్టుకోకముందే కన్నుమూశారు. కలకత్తాలో బ్యాటు పైకెత్తినప్పుడు ఆ కుర్రవాడు ఎవరి కోసం ఎత్తాడో విఠల్‌వాడిలో ఎవరిని అడిగినా చెప్పేవారు.

తరువాతి సంగతులు మీకు తెలిసినవే, తొందరగా చెబుతాను. కాన్పూరు అయిన నెలలోనే మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద అవుట్ కాకుండా 93. ఆ ప్రపంచ చాంపియన్‌షిప్ మనదే అయింది. 1986లో శ్రీలంక మీద కాన్పూరులో 199, ఒక్క పరుగు తక్కువ. ఆ తరువాత ఆట కొంత మందగించింది. 1989లో పాకిస్తాన్ వెళ్ళినప్పుడు జహీర్ అబ్బాస్ పక్కకు పిలిచి, బ్యాటు పట్టు కాస్త మార్చుకొమ్మని సలహా ఇచ్చారు. ఫైసలాబాదులో 109 కొట్టారు. ఎదుటి దేశపు ఆటగాడు ఇలా దారి చూపించడం, అది పుచ్చుకోవడానికి ఇతను సిగ్గుపడకపోవడం, రెండూ నాకు నచ్చుతాయి. మరుసటి ఏడే కెప్టెన్. 47 టెస్టులకు నాయకత్వం, 14 గెలుపులు. ఫీల్డింగు సంగతి వేరే చెప్పాలి. పాయింట్ దగ్గర వంగి బంతి తీసి, వంగిన మనిషి వంగినట్టే వికెట్ల మీదికి విసరడం మనవాళ్ళలో అంతకుముందు అంతగా చూడలేదు. పరుగెత్తేటప్పుడు మెడలో తాయెత్తు ఊగుతూ ఉండేది, చొక్కా కాలరు ఎత్తే ఉండేది. మా సందు పిల్లలందరూ యూనిఫారం కాలరు ఎత్తుకుని బడికి పోయిన కాలం ఒకటుంది.

సొంత ఊళ్ళో ఆయన ఆడిన టెస్టు ఒక్కటే. 1988 డిసెంబరులో లాల్ బహదూర్ స్టేడియంలో, న్యూజిలాండ్ మీద. ఆ స్టేడియంలో జరిగిన మూడు టెస్టులూ, 1955, 1969, 1988, మూడూ న్యూజిలాండ్‌తోనే కావడం ఒక తమాషా. అజహర్ 81 చేశారు, మనం పది వికెట్లతో గెలిచాం. ఆ 81 ఎండలో కూర్చుని చూశాను. సెంచరీకి పందొమ్మిది తగ్గినందుకు స్టాండులో జనం ఎంతగా నొచ్చుకున్నారంటే, గెలుపు సంబరం సాయంత్రం దాకా గుర్తుకు రాలేదు.

ఇప్పుడు ఫోను చేసిన మిత్రులకు జవాబు.

2000 సంవత్సరంలో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారం బయటపడింది. సి.బి.ఐ. విచారణ జరిగింది. ఆ డిసెంబరులో క్రికెట్ బోర్డు అజహర్ మీద జీవితకాల నిషేధం వేసింది. ఆయన కోర్టుకు వెళ్ళారు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు. ఆట ఎలాగూ అయిపోయింది.  కాగితం మీద ఉన్నవి ఇవి. ఇంతకు మించి నేను కల్పించి చెప్పను, తగ్గించీ చెప్పను.

2000 డిసెంబరులో మన పేటల్లో ఎలా ఉందో మాత్రం చెప్పగలను. నారాయణగూడ చౌరస్తాలో చాయి తాగుతూ ఆయన పేరు ఎత్తడానికి మొహమాటపడేవారం. ఒక మంగలి షాపులో గోడ మీది ఫోటో తీసేశారు, సున్నం మాసిన చోట ఫోటో అంత తెల్లటి చతురం మిగిలిపోయింది. షాపాయన దాని మీద క్యాలెండరు తగిలించలేదు. ఎందుకని ఒకరడిగితే, "సైజు సరిపోవడం లేదు సాబ్" అన్నాడు. ఆయన ఉర్దూలో చెప్పిన మాట ఇది, నేను తెలుగులో చెబుతున్నాను.

మా మనవడు ఈ మధ్య ఏదో పాత వీడియో చూసి, "తాతయ్యా, ఈయన ఎవరు? ఇలా ఎలా కొట్టాడు?" అని అడిగాడు. వాడికి పదమూడేళ్ళు. నేను కలకత్తా సంగతి, మద్రాసు సంగతి, కాన్పూరు సంగతి చెప్పాను. 2000 సంగతీ చెప్పాను, 2012 తీర్పు సంగతీ చెప్పాను. "మరి ఆయన మంచివాడా కాదా?" అన్నాడు. పదమూడేళ్ళ పిల్లలు అలాగే అడుగుతారు. విన్నదంతా నీ ముందు పెట్టాను, నువ్వు పెద్దయ్యాక తేల్చుకో అన్నాను. వాడికి తృప్తి కలగలేదు. కాని మళ్ళీ ఆ వీడియో పెట్టి, అద్దం ముందు స్కేలు పట్టుకుని మణికట్టు తిప్పడం మొదలుపెట్టాడు. మిత్రమా, మీరడిగిన "పిల్లలకు ఏం నేర్పినట్టు" అన్నదానికి నా దగ్గరున్న జవాబు ఇంతే. సగం దాచి చెబితే, రెండో సగం వాడికి సెల్‌ఫోను చెబుతుంది. అప్పుడు మనం చెప్పిన మొదటి సగం కూడా వాడు నమ్మడు.

అంకెలు మాత్రం ఒకసారి చదువుతాను, పిల్లలు రాసుకోవచ్చు. 99 టెస్టులు, 6215 పరుగులు, 22 సెంచరీలు, సగటు 45.03. వన్డేలు 334, పరుగులు 9378. నూరో టెస్టు ఆడే అవకాశం రాలేదు. తొంభైతొమ్మిదోది 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద. అది చివరి టెస్టు అవుతుందని ఆ రోజు ఎవరికీ తెలియదు. రెండో ఇన్నింగ్స్‌లో 102 కొట్టారు. మొదటి టెస్టులోనూ సెంచరీ, చివరి టెస్టులోనూ సెంచరీ.

హర్షా భోగ్లే, ఆయనా మన హైదరాబాదువాడే, 1994లో అజహర్ జీవితకథను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. తొలినాళ్ళ సంగతులు ఇంకా తెలుసుకోవాలనుకునేవారు అది సంపాదించి చదవండి.

అధ్యక్షులవారు గడియారం వైపు రెండుసార్లు చూశారు. వంటవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చారు. చివరగా ఒక సూచన. ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచే మన బృందం వచ్చే ఆదివారం దారి మార్చి, అశోక్‌నగర్ వంతెన మీదుగా హిమాయత్‌నగర్ చేరి, విఠల్‌వాడి సందుల్లోంచి నారాయణగూడ చౌరస్తాకు వద్దామనుకుంటున్నది. అపార్టుమెంట్లే ఎక్కువ ఇప్పుడు, పాత ఇళ్ళు కొన్నే ఉన్నాయి. మనవల్ని తీసుకురాదలచినవారు కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి. ఆరున్నరకు బయలుదేరుతాం. చాయి ఖర్చు నాది.